గ్యాస్ నింపించే ముందు అవుట్‌డోర్ యూనిట్‌ను చూడండి

వ్యాఖ్యాత: నమస్కారం. మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌లకు క్షణం తీరిక ఉండదు. కొండాపూర్, మియాపూర్ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఏసీలు బాగుచేస్తున్న అన్న ఈరోజు మనతో ఉన్నారు. అన్నా, గది చల్లబడకపోతే చాలు, గ్యాస్ అయిపోయిందంటారు. నిజంగా అంత తరచుగా అయిపోతుందా?

మెకానిక్: అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు మేడమ్. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ, గదిలోని వేడిని తెచ్చి బయటి యూనిట్ దగ్గర వదులుతుంది. లీకు ఉంటే తప్ప తగ్గదు కాబట్టి, లీకు వెతకకుండా ఏటా నింపించడం డబ్బు దండగ. చాలా ఇళ్లలో లోపం బయటి యూనిట్‌లో వేడిని వదిలే గొట్టాల చుట్ట, అంటే కాయిల్ దగ్గరే ఉంటుంది. వెనకవైపు సన్నని అల్యూమినియం రేకుల సందుల్లో కొత్త కట్టడాల దుమ్ము, పావురాల ఈకలు పేరుకుపోతే గాలి ఆడదు, వేడి బయటికి పోదు. కంప్రెసర్ మాత్రం ఆగకుండా తిరుగుతూ కరెంటు బిల్లు పెంచుతుంది.

వ్యాఖ్యాత: ఆ కాయిల్‌ను ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చా?

మెకానిక్: బాల్కనీలో చేతికందేలా ఉంటే చేసుకోవచ్చు. రిమోట్‌తో ఆపితే చాలదు, ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ దించాలి. మెత్తని బ్రష్‌తో రేకుల వెంట నిలువుగా దులిపి, మామూలు పైపుతో నెమ్మదిగా నీళ్లు పోయాలి. ఆ రేకులు వేలితో నొక్కినా వంగేంత పలుచన. బైకులు కడిగే ప్రెషర్ పంపు పెడితే ఒక్క దెబ్బకు పడుకుంటాయి. వైర్లున్న వైపు మూత మాత్రం విప్పకండి, కరెంటు ఆపాక కూడా లోపలి కెపాసిటర్‌లో ఛార్జ్ నిలిచి ఉండవచ్చు. పావురాల రెట్ట ఎండి ఉంటే ముందు తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వ్యాఖ్యాత: గోడ బయట వేలాడే యూనిట్ల మాటేమిటి?

మెకానిక్: వాటి జోలికి మీరు పోవద్దు. బెల్టు కట్టుకుని పనిచేసేవారినే పిలిచి, స్టాండు బోల్టులు తుప్పుపట్టాయేమో కూడా చూడమనండి. ఇంకొకటి, ఎండ తగులుతుందని కొందరు చుట్టూ రేకులు కట్టేస్తారు. దానికంటే ఎండే నయం. నీడ పైనుంచి ఉండాలి, ముందూ వెనకా ఖాళీ వదలాలి.

వ్యాఖ్యాత: మూసీ, నాలాల పక్క ఇళ్లలో కాయిల్ త్వరగా పాడవుతుందంటారు.

మెకానిక్: నిజమే. మురుగునీటి నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది. గొట్టాలు నల్లబడి, కంటికి ఆనని రంధ్రాలు పడతాయి. అలాంటిచోట కొనేటప్పుడే పూత ఉన్న కాయిల్ అడగాలి. లీకు బయటపడితే, ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్‌కు మండే గుణం ఉంది కనుక దాన్ని పూర్తిగా తీశాకే అతుకు వేయించాలి. తరువాత నైట్రోజన్ నింపి లీకు లేదని పరీక్షించి, వాక్యూమ్ చేసి, అంటే గొట్టాల్లోని గాలిని లాగేసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం తూకం వేసి నింపమనండి.