పుట్టింటి ప్రయాణం అనకండి, అది ఇంజిన్ టెస్ట్

‘మొగుడికి చెప్పకుండా కారేసుకుని పుట్టింటికి వెళ్లిపోయిన భార్య’ అని ఒక రీల్ తిరుగుతూనే ఉంటుంది, చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. వెళ్లింది పుట్టింటికే, నిజమే. 1888 ఆగస్టులో, జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్ల పైచిలుకు, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని బెర్తా బెంజ్ వెళ్లింది. కానీ ఆ కారు చేసింది ఆవిడ మొగుడు కార్ల్ బెంజ్, పెళ్లికి ముందే తన కట్నం డబ్బు తెచ్చి ఆయన వర్క్‌షాపును నిలబెట్టిన మనిషి ఆవిడ. ఆ బండి ఊళ్లో తిరిగితే చాలదు, దూరం పోగలదని చూపించాలి. కాబట్టి నా దృష్టిలో అది అసలైన టెస్ట్.

ఎందుకో పంపు స్టవ్వుతో చెప్తాను. కిరోసిన్, గాలి సరిగ్గా కలిస్తే నీలం మంట, గుయ్యిమని శబ్దం. గాలి తగ్గితే ఎర్ర మంట, గిన్నె అడుగున మసి. ఇంజిన్‌కీ ఇదే బాధ, పెట్రోలు ఆవిరి, గాలి సరైన పాళ్లలో కలవాలి. ఇప్పుడు అదే స్టవ్వును ఎడ్లబండి మీద పెట్టి, గతుకుల రోడ్డులో అన్నం వండమంటే? బెంజ్ బండి పని అదే. 1886లో పేటెంట్ తీసుకున్న మొదటి బండిది ఒకే సిలిండర్, 954 సీసీ, ముప్పావు హార్స్‌పవర్. ఇంధనం మీదుగా గాలి పోతూ ఆవిరిని లాక్కెళ్లాలి. బండి ఊగితే ఇంధనం ఊగుతుంది, ఆవిరి పాళ్లు మారతాయి. షెడ్డులో కదలకుండా నిలబెట్టి తిప్పితే ఇది బయటపడదు.

దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోయింది. బెర్తా టోపీకి పెట్టుకునే పొడుగు పిన్ను తీసి గుచ్చి శుభ్రం చేసిందంటారు. అది విన్నప్పుడు నాకు మా అమ్మే గుర్తొస్తుంది, స్టవ్వు ముక్కులో మసి చేరితే సన్నటి పిన్ను కొట్టి మళ్లీ పంపు కొట్టేది. ఇంధనమేమో వీస్‌లోఖ్‌లో మందుల షాపులో కొన్నారు, మరకలు వదిలించడానికి అమ్మే లిగ్రోయిన్ అది. ఇంజిన్ చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతుంటే దారిపొడుగునా పోసుకుంటూ వెళ్లారు. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు వేయించారు. ఇక ఎత్తు వచ్చిందంటే ఇంజిన్ చేతులెత్తేసేది, పిల్లలు దిగి తోశారు. ఇంటికొచ్చాక కొండలెక్కడానికి ఇంకో గేరు కావాలని బెర్తా చెప్పింది, బెంజ్ పెట్టాడు. టెస్ట్ అంటే ఇదే కదండీ, ఎక్కడ చేతకాలేదో చూసి వచ్చి సరిచేయడం!

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. జర్మనీలోనే కాన్‌స్టాట్ ఊళ్లో బెంజ్‌లాగే ఇంజిన్లు చేస్తున్న డైమ్లర్, మేబాక్ ఇంజిన్ లోపల మంట అంటించడానికి ఎర్రగా కాల్చిన గొట్టం వాడారు, బెంజ్ మొదటినుంచీ కరెంటు నిప్పురవ్వ పట్టుకున్నాడు, చివరికి పెట్రోలు కార్లన్నీ ఆయన దారికే వచ్చాయి. ఇంధనం దగ్గర మాత్రం మేబాక్‌దే పైచేయి, 1893లో సన్నటి ముక్కులోంచి పెట్రోలు చిమ్మి గాలిలో కలిపే కార్బురేటర్ తెచ్చాడు. సన్నటి ముక్కు, చిమ్మడం, గాలి కలవడం... మళ్లీ మన స్టవ్వే! అందులోనూ నలక పడితే మూసుకుపోతుంది. కార్బురేటర్ ఉన్న పాత స్కూటర్ ఎవరింట్లోనైనా ఉంటే మెకానిక్ జెట్, అంటే ఆ సన్నటి ముక్కు, విప్పి శుభ్రం చేసేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి.