మైనస్ 20లో హీట్ కేబుల్ రివ్యూ: తీగ బంగారం, కొస దగ్గరే తంటా

నమస్తే అందరికీ. ఈ మంకీ క్యాపు, ఈ జర్కిన్ చూసి నవ్వొద్దు. తలుపు అవతల అనంతపురం ఎండ 41 డిగ్రీలు. తలుపు ఇవతల, నేను నిలబడిన చోట మైనస్ 20. మా ఫ్రెండు ఐస్‌క్రీం ఏజెన్సీ గోడౌన్ ఇది, బెంగళూరు హైవే పక్కనే. పది నిమిషాలకోసారి బయటికి పోయి వస్తుంటా, లేకపోతే ఫోను ఆగిపోతుంది. అందుకే వీడియో అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, సర్దుకోండి.

నా చేతిలో ఉన్నది హీట్ కేబుల్. పైపు గడ్డకట్టకుండా దాని వెంబడి కట్టే కరెంటు తీగ. కంపెనీ వాళ్లు ఊరికే పంపారు, పది మీటర్లు, దాంతో పాటు కొసలు మూసే టోపీ, గమ్ము ఉన్న ఒక కిట్టు. డబ్బులేమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఫోనులో మాత్రం "కొంచెం మంచిగా చెప్పండి సార్" అన్నారు. ఆ మాట విన్నప్పుడే నాకు డౌటు కొట్టింది. పేరు నేను నోటితో చెప్పను, చెప్తే ప్రకటన అయిపోతుంది. మీటరుకు ఎన్ని వాట్లు, ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఆ పట్టికలన్నీ మీరు చూసే వచ్చి ఉంటారు. వాటి జోలికి నేను పోను.

పోయిన వీడియోలో ఈ డబ్బా చూపిస్తే ఒకాయన "అనంతపురంలో పైపు గడ్డకట్టడం ఏందప్పా, తాగడానికే నీళ్లు లేవు" అన్నాడు. నిజమే. మన జిల్లాలో చలికాలమంటే దుప్పటి కప్పుకునేంత, అంతే. కానీ ఇదిగో, ఇలాంటి ఫ్రీజర్ గదుల్లో రోజూ జరిగేదే ఇది. గదిని చల్లబరిచే కాయిల్ మీద పేరుకున్న మంచు కరగాలని డీఫ్రాస్ట్ హీటరు రోజుకు మూడు నాలుగు సార్లు ఆన్ అవుతుంది. ఆ నీళ్లు కింద ట్రేలో పడి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. ఆ పైపు పోయేదేమో మైనస్ 20 గదిలోంచి. రెండు మీటర్లు పోయేలోపు నీళ్లు గడ్డ. ట్రే నిండుతుంది, పొంగుతుంది, నేల మీద అద్దం పరిచినట్టు ఐసు. కూలీ ఒకాయన ఇక్కడే జారి మోచెయ్యి కొట్టుకున్నాడు.

దీనికి ఇంకో కథ ఉంది. మా అక్క కొడుకు అమెరికాలో, మిచిగాన్‌లో ఉంటాడు. మొన్న జనవరిలో ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేను ఉగ్గాని బజ్జీ తింటుంటే వీడియో కాల్. అక్కడ రాత్రి పదకొండు. "మామా, హీటరు ఆగిపోయింది, ఇల్లంతా చల్లబడిపోతోంది, బయట మైనస్ 17" అన్నాడు. వెనకాల చిన్నపిల్ల ఏడుపు. వీడికేమో ఒకటే టెన్షన్.

ఇల్లు వెచ్చబెట్టే ఆ హీటరును అక్కడ ఫర్నేసు అంటారు, నేను దాన్ని ముట్టుకున్న వాణ్ని కాదు. కానీ నీళ్లు, పైపు, చలి, ఈ మూడూ నా రోజువారీ పనే కదా. చూపించమన్నా. వాళ్ల ఇళ్లలో ఫర్నేసు గ్యాసుతో మండుతుంది. గ్యాసు మండితే నీళ్ల ఆవిరి పుడుతుంది. ఎంతనుకుంటున్నారు? ఆ గ్యాసులో ముఖ్యమైనది మీథేన్, అది కిలో కాలితే రెండుంపావు కిలోల నీళ్లు. పాత ఫర్నేసుల్లో ఆ ఆవిరి పొగగొట్టం గుండా పైకి పోయేది. ఇప్పుడు నూటికి తొంభై పాళ్లకు పైగా వేడి లాగే రకాలు వచ్చాయి. అవి ఆవిరిని కూడా చల్లార్చి నీళ్లుగా మార్చి, అందులోని వేడిని కూడా వదలకుండా తీసుకుంటాయి. పొగ ఎంత చల్లబడిపోతుందంటే, ఇనుప గొట్టం కూడా అక్కర్లేదు, మన బోరు నీళ్లకు వాడే లాంటి పీవీసీ పైపు చాలు. మిగిలిన నీళ్లు, కొంచెం పుల్లటి నీళ్లు, అంటే ఆమ్లం ఉన్నవి, సన్న పైపు గుండా బయటికి పోవాలి. వీడి ఇంట్లో ఆ పైపు వేడి లేని గరాజు గుండా పోతుంది. అక్కడ గడ్డకట్టింది. నీళ్లు వెనక్కి తన్నాయి. లోపల ప్రెషర్ స్విచ్ అని ఒకటి ఉంటుంది, అది పట్టేసి ఫర్నేసును ఆపేసింది. ఆపడం మంచిదే, అది దాని డ్యూటీ.

గోరువెచ్చని నీళ్లు, మరిగేవి కాదు, గోరువెచ్చనివే, ఆ పైపు మీద పోయమన్నా. నాలుగు చెంబులకు గుడగుడమని ఐసు ముక్క జారింది. ఫర్నేసు ఆన్. మా అక్క ఆ రోజు నుంచి నన్ను ఇంజనీరు అంటోంది, నేను చదివింది ఐటీఐ.

సరే, కేబుల్‌కు వద్దాం. ఇది సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం. ఇదిగో, అడ్డంగా కోసి చూపిస్తున్నా. రెండు రాగి తీగలు, మధ్యలో నల్లటి ప్లాస్టిక్. ఆ నల్లదనం కార్బన్. చలికి అది ముడుచుకుంటుంది, కార్బన్ రేణువులు దగ్గరవుతాయి, కరెంటుకు ఎక్కువ దారులు దొరుకుతాయి, వేడి పెరుగుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది, దారులు తగ్గిపోతాయి. తీగ పొడవునా ప్రతి జానెడూ దేనికది నిర్ణయించుకుంటుంది. అందుకే ఎంత కావాలంటే అంత కోసుకోవచ్చు, ఒకదాని మీద ఒకటి పడినా కాలదు.

దీని విలువ నాకు తెలుసు, ఎందుకంటే పాత రకంతో నేను బాగా కాలాను. ఐదారేళ్ల కింద తాడిపత్రి దగ్గర ఒక గదిలో మామూలు సిలికాన్ హీటర్ తీగ వేశా. అది ఎప్పుడూ ఒకే వాట్లు ఇస్తుంది. పైపు చిన్నది, తీగ పొడవు, మిగిలింది దాని మీదే చుట్టేశా. దాన్ని కోయకూడదు కదా. నెల తిరక్కుండానే ఆ ముడి దగ్గర పీవీసీ పైపు మెత్తబడి వంకాయలా వేలాడింది. ఆ పైపు ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది, గర్వం ఎక్కువైనప్పుడు తీసి చూసుకుంటా.

ఇక అసలు కోపానికి వద్దాం. వీడియో సగం దీని గురించే, ముందే చెప్తున్నా.

కేబుల్‌కు రెండు కొసలు. ఒక కొసలో కరెంటు ఇవ్వాలి. ఒక రాగి తీగకు ఫేజు, ఇంకోదానికి న్యూట్రలు, పైన ఉన్న లోహపు అల్లికకు ఎర్తింగు. రెండో కొస, దూరంగా ఉన్నది, ఊరికే మూసెయ్యాలి. అంతే. ఆ రెండు రాగి తీగలను అక్కడ కలపకూడదు. కలిపితే ఫేజు, న్యూట్రలు నేరుగా ముద్దాడినట్టే. కానీ మన ఎలక్ట్రీషియన్ల చేతికి ఒక అలవాటుంది: "సర్క్యూటు పూర్తి కావాలి కదన్నా" అని కొస కనిపిస్తే చాలు, రెండూ మెలిపెట్టేస్తారు. కొన్ని పాత రకం తీగల్లో అది కరెక్టు కూడా. దీంట్లో మాత్రం కరెంటు అడ్డంగా, నల్ల ప్లాస్టిక్ గుండా దాటుతుంది, కొస దాకా పోయి తిరిగి రాదు.

ఇప్పుడు ఈ కంపెనీ పుస్తకం చూడండి. దగ్గరికి పెడుతున్నా. బొమ్మలో రెండు కొసలూ ఒకేలా చెక్కి, రాగి బయటికి పెట్టి చూపించారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాశారు. దూరం కొస దగ్గర "కలపొద్దు" అని పెద్దగా ఒక ఇంటు గుర్తు పెడితే వాళ్ల సొమ్మేం పోయింది? నాతో పనిచేసే పిల్లోడు బొమ్మ చూశాడు, తీగలు మెలిపెట్టాడు, రబ్బరు టోపీ తొడిగాడు. నేను చూడకుండా ఎంసీబీ, అంటే షార్టు అయితే కరెంటు తెంచే స్విచ్, లేపా. ఢాం అంది. ఎంసీబీ పడింది కాబట్టి సరిపోయింది. తప్పు పిల్లోడిది కాదు, నాది ఒక వంతు, పుస్తకానిది మూడు వంతులు.

కాలిన అంగుళం కోసి పారేశా. కోసుకునే తీగ కావడం అక్కడ కలిసొచ్చింది. ఈసారి నా పద్ధతిలో చేశా, చూడండి. దూరం కొసలో ఒక రాగి తీగను ఇంకోదాని కన్నా అర అంగుళం పొట్టిగా కోస్తా. ఎవరైనా నొక్కినా రెండూ తాకవు. తర్వాత టోపీ, టోపీలోకి సిలికాన్ గమ్ము. ఆ గమ్ము ట్యూబు కూడా డబ్బాలో ఎండిపోయి రాయిలా వచ్చింది! సుభాష్ రోడ్డుకు పోయి వేరే కొనుక్కొచ్చా. నీళ్ల పైపు మీద ఉండే తీగ ఇది. కొసలోకి తేమ పోతే ఇంకేముంది?

కరెంటు ఇచ్చే కొసలో ఇంకో తిరకాసు. రాగి మీద అంటుకున్న నల్ల పదార్థం పూర్తిగా గీకెయ్యాలి. కొంచెం మిగిలినా అదీ కరెంటు పారించేదే, రెండు తీగల మధ్య నిప్పులు రాలుతాయి. పుస్తకంలో దీనికి ఒక్క ముక్క లేదు. మెగ్గరు, అంటే తీగ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు, పెట్టేవాళ్లకు ఒక మాట: రెండు రాగి తీగల మధ్య పెట్టి "షార్టు" అని భయపడకండి, మధ్యలో ఉన్నదే కరెంటు పారే ప్లాస్టిక్. తీగలకూ పై అల్లికకూ మధ్య చూడాలి. ఇంకా 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తెంచేసే స్విచ్, లేకుండా తడి పైపు మీద దీన్ని వేస్తే, నేను మీతో మాట్లాడను.

ఇక పనితనం. నాలుగు మీటర్లు వేశా, పైపు కింది వైపు సాఫీగా, ఎందుకంటే నీళ్లు నిలిచేది కిందే. పైన పొడవునా అల్యూమినియం ఫాయిల్ టేపు. ప్లాస్టిక్ పైపుకు అది తప్పనిసరి, వేడి ఒకే గీతలో ఆగకుండా పరుచుకుంటుంది. మామూలు నల్ల టేపు వాడొద్దు, ఊడిపోతుంది. దాని మీద ఇన్సులేషన్ ట్యూబు.

ఇంత తక్కువ కరెంటు క్లాంప్ మీటరుకు, అంటే వైరును నోట్లో పట్టి కరెంటు కొలిచే మీటరుకు, సరిగ్గా అందదు. చిట్కా చెప్తా: ఫేజు వైరును క్లాంపు నోట్లో పది చుట్లు తిప్పండి, వచ్చిన అంకెను పదితో భాగించండి. బయట ఎండలో పెట్టి చూస్తే 1.5 చూపించింది, అంటే 0.15 ఆంపు. గదిలో ఆన్ చెయ్యగానే 0.43. గంట తర్వాత పైపు వెచ్చబడి 0.3 దగ్గర నిలిచింది. అంటే 70 వాట్లు. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే రోజుకు 1.7 యూనిట్లు, నెలకు 50. ఒకటి గుర్తుపెట్టుకోండి, సెల్ఫ్ రెగ్యులేటింగ్ అంటే తనంతట తానే ఆఫ్ అవుతుందని కాదు. తగ్గుతుంది, ఆగదు. వేడిని బట్టి ఆన్ ఆఫ్ చేసే థర్మోస్టాటు కావాలంటే వేరే పెట్టుకోవాలి.

మూడు వారాలైంది. ట్రే పొడిగా ఉంది, చూడండి. నేల మీద ఐసు లేదు. కేబుల్ పని కేబుల్ చేసింది, ఆ క్రెడిట్ ఇవ్వకపోతే పాపం. డ్రెయిన్ పైపులో నీళ్లు నిలిచే వంపు, యు బెండు, మాత్రం గది బయటే పెట్టా. లోపల పెడితే అందులో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, ఏ కేబులూ కాపాడదు.

అమెరికా నుంచి చూసేవాళ్లు "పొగ పోయే పైపుకు కూడా చుట్టొచ్చా అన్నా" అని అడుగుతున్నారు. మూతి దగ్గర మంచు మీసాలు కడుతుందట. మీ ఫర్నేసు పుస్తకంలో వెయ్యమని ఉంటేనే వెయ్యండి. పైపు లోపలికి మాత్రం ఏదీ దూర్చొద్దు. ఆ మూతి మూసుకుంటే సమస్య నీళ్లది కాదు, కార్బన్ మోనాక్సైడ్‌ది. వాసన రాదు, ప్రాణం తీస్తుంది. ఆ పైపు ఫర్నేసు వైపు వాలుగా ఉందా, వేడి లేని అటకలో పోయే చోట ఇన్సులేషన్ ఉందా, మూతి మంచు మట్టానికి అడుగు పైన ఉందా, ముందు అవి చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో పెట్టుకోండి.

ఇంకోటి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు డల్లాస్ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో మనవాళ్లకు తెలుసు. నీళ్లు గడ్డకడితే నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బుతాయి, పైపు ఎట్లా ఆగుతుంది? కరెంటు లేకపోతే ఈ కేబుల్ ఉత్త తాడు. ఇన్సులేషన్ మాత్రం అప్పుడూ ఎంతో కొంత పనిచేస్తుంది.

మా అక్క ఏం చేసిందో తెలుసా? "మిగిలిన ఆరు మీటర్లు శెనక్కాయల పొడితో పాటు పార్సిల్ పెట్టు, పిల్లోడికి పనికొస్తుంది" అంది. అక్కా, ఇది 230 వోల్టులది, అక్కడ 120. సగం వేడి కూడా రాదు. ఇక అక్కడి తీగ తెచ్చి ఇక్కడ పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మార్కులు అడుగుతారు కదా. తీగకు పదికి తొమ్మిది. కిట్టుకు, పుస్తకానికి కలిపి సున్నా. సగటు తీసి నాలుగున్నర అనను, అది మోసం. నా మాట: కొనొద్దు. తెలిసినవాడు వేస్తే ఇది చాలా మంచి సరుకు, నిజమే. కానీ డబ్బా కొనేది తెలియనివాడు, బొమ్మ చూసి వేసుకునేవాడు. వాడి ఇంట్లో ఎంసీబీ పాతదైతే? ఆ పేజీ మార్చి పంపండి, ఇదే గదిలో ఇదే మంకీ క్యాపు పెట్టుకుని మళ్లీ వీడియో చేస్తా.

మా అల్లుడి సంగతి చెప్పడం మర్చిపోయా. కేబుల్ కొనలేదు. ఇంటి ఓనరు మనిషిని పంపిస్తే, ఆయన ఆ సన్న పైపు మట్టంగా ఉందని, నీళ్లు మధ్యలో నిలుస్తున్నాయని, వాలు సరిచేసి ఇన్సులేషన్ తొడిగి పోయాడట. ఫిబ్రవరి అంతా ఫర్నేసు ఒక్కసారి కూడా ఆగలేదు. రివ్యూకు ఇది పనికిరాని మాటే, కంపెనీవాళ్లకు అసలు నచ్చదు, అయినా చెప్పాలి కదా.

ఆ... వస్తున్నా, వస్తున్నా. మా ఫ్రెండు అరుస్తున్నాడు, "తలుపు మూసెయ్ సామీ, సరుకు కరుగుతాంది" అని.