పర్లాకిమిడి వ్లాగ్: స్విచ్ వేయగానే నెట్‌వర్క్ మాయమయ్యే ఆఫీసు

అందరికీ నమస్కారం. ఈ వారం జిరంగ్ బౌద్ధ మఠం చూపిస్తానని మాట ఇచ్చాను. కారు మాట్లాడుకున్నాను, నీళ్ల సీసాలు సర్దుకున్నాను, కెమెరా బ్యాటరీ నింపుకున్నాను. కానీ ఈ వీడియోలో మీకు కనిపించేవి కేబుళ్లు, దుమ్ము పట్టిన సీపీయూలు, నాణెమంత బ్యాటరీ ఒకటి. మా బావగారి అకౌంట్ల ఆఫీసులో పొద్దున్న స్విచ్ వేస్తే కంప్యూటర్లు లేస్తున్నాయి, నెట్‌వర్క్ మాత్రం లేవడం లేదు. జీఎస్టీ త్రీబీ అనే నెలవారీ పన్ను రిటర్నులకు 20వ తేదీ గడువు ముంచుకొస్తోంది. ఆయన నన్ను సాయం అడగలేదు. “నువ్వు మఠానికి వెళ్లిరామ్మా, ఇది రోజూ ఉండేదే” అన్నారు. రోజూ ఉండేదే అన్న మాట విన్నాక నాకు కాలు కదలలేదు. కెనడాలోని బ్రాంప్టన్‌లో నేను జీతం తీసుకునేది ఈ పనికే. మా ఇంటి ఆఫీసు రోజూ గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుంటుంటే నేను మఠం మెట్ల మీద ఫొటోలు తీసుకోలేను.

ఈ ఛానల్ మా పెద్దమ్మ కోసం మొదలుపెట్టాను. కెనడాలో నేను ఏమి తింటున్నానో, మంచు ఎలా తీసుకుంటున్నానో కళ్లతో చూడాలని ఆమె పట్టుబట్టింది. ఇప్పుడు చాలా దేశాల నుంచి చూస్తున్నారు కాబట్టి మా ఊరి సంగతి కొంచెం చెబుతాను. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ నది దాటి కాస్త ముందుకు వెళితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అందులో కలిసింది. గిడుగు రామమూర్తి గారు అప్పుడే ఈ ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మావాళ్లు వెళ్లలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. బావగారి బీరువా తెరిస్తే ఈ సంగతంతా ఫైళ్ల మీదే కనిపిస్తుంది. ఒడిశా వ్యాపారుల జీఎస్టీ నంబర్లు 21తో మొదలవుతాయి, ఆంధ్రవాళ్లవి 37తో. పై అరలో 21లు, కింది అరలో 37లు. రెండు రాష్ట్రాల కొట్లవాళ్లూ ఈ ముందుగదిని నమ్ముకుని ఉన్నారు.

గదిలో ఉన్నవి ఐదు కంప్యూటర్లు. మూలన ఉన్నదానిలో ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ లెక్కలన్నీ ఉంటాయి, దాన్ని సర్వర్ అంటారు. మిగతా నాలుగూ అందులోంచే లెక్కలు తెరుస్తాయి. మూలది నెట్‌వర్క్‌లో కనిపించకపోతే నలుగురూ ఖాళీ. ఇదివరకు చూసిన మెకానిక్ ఒకరు మదర్‌బోర్డు మార్చాలని, ఆరువేలు అవుతుందని చెప్పారట. అది నా లెక్కలో వంద డాలర్లు. బావగారికి అది ఒక చిన్న కొట్టు ఏడాది పొడవునా ఇచ్చే ఫీజు. పైగా బోర్డు మార్చినా ఈ గొడవ పోయేది కాదు. అది ఎందుకో చూపిస్తాను.

మొదట ఎవరినీ ఏమీ మార్చవద్దన్నాను. రోజూ చేసినట్టే చేయమని, నేను నోటు పుస్తకం పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాను. ఆఫీసు కుర్రాడు మెయిన్ స్విచ్ వేశాడు. ఐదు కంప్యూటర్లు, వైఫై రౌటర్, నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిపే స్విచ్ పెట్టె అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. రెండు నిమిషాల్లో అందరి నోటా ఒకటే మాట: నెట్ లేదు. కానీ తెరలు చూస్తే ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉంది. అందరూ ఒకే మాట చెబుతుంటే జబ్బు కూడా ఒకటే అనిపిస్తుంది. ఇక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేని జబ్బులు ఒకే గదిలో చేరాయి.

కిటికీ పక్కనున్న పాతదాన్ని చూడండి. నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని అడిగింది. నొక్కాక డీహెచ్‌సీపీ అన్న అక్షరాల పక్కన చుక్కలు పెట్టుకుంటూ చాలాసేపు ఆగింది. అంటే తన డిస్కు వదిలేసి, నెట్‌వర్క్‌లో ఎవరైనా విండోస్ అందిస్తారేమోనని వెతుకుతోంది. ఎవరూ పలకకపోయేసరికి చివరికి తన డిస్కులోంచే లేచింది. లేచాక జీఎస్టీ సైటు తెరిస్తే భద్రత లేని సైటు అని హెచ్చరిక. గడియారం చూస్తే 2010 జనవరి. తేదీ అంత వెనక ఉంటే సైటు చూపించే భద్రతా పత్రం చెల్లదని బ్రౌజర్ అనుకుంటుంది, పేజీ తెరవదు. అక్కడ కూర్చునే అమ్మాయి నెట్ లేదని చెప్పింది ఇందుకే. నిజానికి నెట్ ఉంది, తేదీ లేదు.

దీనికి కారణం బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బ్యాటరీ. కరెంటు లేనప్పుడు తేదీని, ఏ డిస్కుతో మొదలవ్వాలన్న అమరికను కాపాడేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం బ్యాటరీ చచ్చిపోయినా బయటపడదు. ఈ ఆఫీసులో రాత్రి మెయిన్ స్విచ్ ఆపేస్తారు, అందుకని ప్రతి పొద్దున్నా ఆ కంప్యూటర్ అన్నీ మరిచిపోయి లేస్తోంది.

మెయిన్ స్విచ్ ఎందుకు ఆపుతారంటే, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను. గజపతి జిల్లాను అది ఎంత దెబ్బతీసిందో ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. అప్పటి నుంచి బావగారు ఆఫీసు మెయిన్ ఆపాకే అన్నానికి కూర్చుంటారు. పిడుగు పడితే కరెంటు తీగ వెంటా వస్తుంది, నెట్‌వర్క్ కేబుల్ వెంటా వస్తుంది. కాబట్టి ఆ అలవాటు మానమని నేను చెప్పను. దాన్ని అలాగే ఉంచి మిగతావి సరిచేయాలి.

గుమ్మం దగ్గరివి రెండూ, మూలనున్న సర్వరూ వేరే రకం. తెర మీద నెట్‌వర్క్ గుర్తు పక్కన పసుపు త్రికోణం. కమాండ్ కిటికీలో ఐపీకాన్ఫిగ్ అని కొడితే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే చిరునామా 169.254తో మొదలైంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లోనూ పనికొస్తాయి. కంప్యూటర్ రౌటర్‌ని చిరునామా అడిగింది, జవాబు రాలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే అడాప్టర్ చెడిపోలేదు, కేబుల్ తెగలేదు. అడిగిన సమయానికి రౌటర్ ఇంకా లేవలేదు, అంతే. కిందటి ఏడాది బావగారు పాత హార్డ్ డిస్కులు తీసేసి ఎస్‌ఎస్‌డీలు అనే వేగమైన డిస్కులు వేయించారు. ఇప్పుడు విండోస్ అర నిమిషంలోపే వచ్చేస్తోంది, రౌటర్‌కు మాత్రం ఇంకా రెండు నిమిషాలు పడుతోంది. పాత డిస్కులు నెమ్మదిగా లేచేవి కాబట్టి అప్పట్లో ఈ చిక్కు రాలేదు. చిరునామా దొరకని విండోస్ ఏ ఐదు నిమిషాలకో మళ్లీ అడుగుతుంది. అందుకే టీ తాగి వచ్చేసరికి దానంతట అదే బాగైపోయిందని వీళ్లు అనుకునేవారు.

దీనికి మందు సులువు. సర్వర్‌కూ మిగతా నాలుగింటికీ స్థిరమైన చిరునామాలు ఇచ్చాను, రౌటర్ పంచిపెట్టే అంకెల వరుసలోకి రాకుండా. ఇప్పుడు రౌటర్ లేవకపోయినా మధ్యలో ఉన్న స్విచ్ పెట్టె ఒక్కటి చాలు, లెక్కలు తెరుచుకుంటాయి. ఇంటర్నెట్ రెండు నిమిషాలు ఆలస్యమైతే కానివ్వండి, ట్యాలీ ఆగదు.

ఇక బావగారి సొంత కంప్యూటర్. నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. అందులో అడాప్టర్ జాబితాలోనే లేదు, అసలు పెట్టనే లేదన్నట్టు. రీస్టార్ట్ చేస్తే వచ్చింది. షట్‌డౌన్ చేసి మళ్లీ వెలిగిస్తే పోయింది. ఈ తేడా కనిపించిందంటే సగం పని అయినట్టే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని, డ్రైవర్లతో, అంటే పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములతో సహా, డిస్కులో దాచుకుంటుంది. రాత్రి మిగిలిన కూరను పొద్దున్న వేడి చేసినట్టు, వెలిగించగానే దాన్నే పైకి తీస్తుంది. కొన్ని అడాప్టర్ల డ్రైవర్లు అలా తీసినప్పుడు సరిగా మేలుకోవు. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది, అందుకే అప్పుడు పనిచేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లు తెరిచి, పవర్ బటన్ ఏమి చేయాలో నిర్ణయించే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాను. తర్వాత డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ మీద నొక్కి, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపవచ్చు అన్న టిక్కు కూడా తీశాను. బోర్డు తయారీదారు సైటు నుంచి కొత్త డ్రైవర్ ఫోనులో దించి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాను. షట్‌డౌన్ చేసి వెలిగించాను, వచ్చింది. మళ్లీ చేశాను, వచ్చింది. బావగారు తన చేత్తో ఇంకోసారి చేసి చూసుకున్నారు.

ఇంతలో నా వెనక ఎంతమంది నిలబడ్డారో చూడండి. మా అక్క, ఆఫీసువాళ్లు, లెక్కల కోసం వచ్చిన కిరాణా కొట్టు ఆయన, ఎదురు మెడికల్ షాపు కుర్రాడు. సీపీయూ లోపల చీకటిగా ఉందంటే ఆ కుర్రాడు తన దుకాణం వదిలి వచ్చి ఫోను లైటు పట్టుకున్నాడు. అక్క చేతిలో ఇడ్లీ ప్లేటు. తినే వరకూ ప్లేటు వెనక్కి తీసుకెళ్లలేదు.

కెనడాలో ఇలా ఉండదు. నా ఉద్యోగంలో ఎవరి కంప్యూటర్ చెడినా వాళ్లు ముందు టికెట్ రాయాలి, అంటే ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు నా తెరకు వస్తుంది. నేను ఇంట్లో కూర్చుని దూరం నుంచే వాళ్ల తెర తెరిచి, సరిచేసి, నంబరు మూసేస్తాను. పని శుభ్రంగా, వేగంగా అయిపోతుంది, అందులో నాకు గర్వం ఉంది. కానీ ఇన్నేళ్లలో నేను బాగుచేసిన కంప్యూటర్ల మనుషుల్లో చాలామంది ముఖాలు నేను చూడలేదు. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదని గుర్తొచ్చిన రోజులున్నాయి. ఇక్కడ అడాప్టర్ జాబితాలోకి రాగానే ఆ కిరాణా ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, “చల్లగా ఉండమ్మా” అన్నారు. కెమెరా ఆ క్షణాన బల్ల మీద పడుకుని ఉంది, మీకు చూపించలేకపోయాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బ్రాంప్టన్‌లో మా పక్కింటివాళ్లు ఇలాంటి పనికే ఇంటికి మనిషిని పిలిపిస్తే 110 డాలర్లు, దాని మీద ఒంటారియో పన్ను 13 శాతం, మొత్తం 124.30. డాలరుకు 60 రూపాయల చొప్పున వేసుకున్నా దాదాపు ఏడున్నర వేలు. ఈ బ్యాటరీ ఇక్కడ 40 రూపాయలు. అక్కడ నేను కొన్న రెండింటి ప్యాకెట్ పన్నుతో 11.30 డాలర్లు, అంటే 680 రూపాయల దాకా.

ఆ బ్యాటరీ కోసం, రెండు కేబుల్ ప్లగ్గుల కోసం బజారుకు బయలుదేరి దారిలో కొమ్ము బొమ్మల దుకాణంలోకి వెళ్లిపోయాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కదా. కొంగ బొమ్మ మెడ దగ్గర వెలుగు పడితే లోపల తేనె రంగు గీతలు కనిపిస్తున్నాయి, దగ్గరగా చూపిస్తున్నాను చూడండి. 450 రూపాయలు ఇచ్చి కొన్నాను. బ్రాంప్టన్‌లో నా బల్ల మీద పెట్టుకుంటాను. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది, మఠం కారు వెనక్కి పంపేశారు.

మిగిలింది ఒక కేబుల్. గుమ్మం పక్క కంప్యూటర్ ప్లగ్గుకు క్లిప్ విరిగిపోయింది, చీపురు తగిలినప్పుడల్లా జారుతోంది. పైగా వేగం సెకనుకు వెయ్యి మెగాబిట్లు ఉండాల్సిన చోట వంద చూపిస్తోంది. కేబుల్‌లో ఎనిమిది తీగలు ఉంటాయి, వంద వేగానికి నాలుగు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. పాత ప్లగ్గులో గోధుమ రంగు తీగ లోపలికి చేరనే లేదు. ఈ పని నేను చేయలేదు, ఆఫీసు కుర్రాడు చేశాడు. రంగుల వరుస చెబితే ఒడియాలో అరచేతి మీద రాసుకున్నాడు: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. తీగలను బొటనవేలితో చదును చేసి, కొనలు సమంగా కత్తిరించి, ఎనిమిదీ ప్లగ్గు చివరిదాకా చేరాయో లేదో కంటి దగ్గర పెట్టుకుని చూసుకుని నొక్కాడు. వెయ్యి వచ్చింది. ఇకమీదట ఈ ఆఫీసుకు కేబుల్ మనిషి బయటి నుంచి రానక్కరలేదు.

మర్నాడు పొద్దున్న మళ్లీ నిలబడి చూశాను. కుర్రాడు మెయిన్ వేశాడు. కిటికీ పక్కది సరైన తేదీతో లేచింది. నలుగురూ కూర్చోగానే ట్యాలీ తెరుచుకుంది, కాసేపటికి జీఎస్టీ సైటు కూడా. బావగారు కళ్లజోడు పెట్టుకుని 37ల అరలోంచి మొదటి ఫైలు తీశారు.

ఈ సంగతి అప్పుడే నది దాటింది. పాతపట్నం నుంచి చిన్నాన్న ఫోను చేశారు, ఆయన ఎరువుల కొట్టులోనూ పొద్దున్నే ఇదే గొడవట. రీస్టార్ట్ చేస్తే వస్తోందా, షట్‌డౌన్ చేసి వెలిగిస్తేనే పోతోందా అని ముందు చూసి చెప్పమన్నాను. ఆయన జవాబును బట్టి సోమవారం పెన్‌డ్రైవ్‌తో వెళ్లాలా, బ్యాటరీతో వెళ్లాలా తేలుతుంది. అక్కడికి వెళ్లాక నీలమణి దుర్గమ్మ గుడి ఎలాగూ చూపిస్తాను. మఠం ఆ తర్వాతి వారం, మా పెద్దమ్మ కూడా వస్తానంటోంది.