లేసు బొమ్మకు ఐఎస్‌ఐ మార్కు కావాలా?

నమస్తే అండి. నా చేతిలో ఉన్న ఈ కుందేలు పిల్ల మన లేసు దారంతో అల్లిందే. నరసాపురం, పాలకొల్లు వైపు చేతులకు ఇది పెద్ద పని కాదు. అసలు టెన్షన్ అమ్మేటప్పుడు మొదలవుతుంది. షాపాయన తిప్పి తిప్పి చూసి, "ఐఎస్‌ఐ మార్కు ఏదమ్మా?" అంటాడు.

ఆయన అడగడంలో తప్పు లేదు. 2020లో కేంద్రం తెచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే ఇలాంటి బొమ్మలు ఐఎస్ 9873 అనే బొమ్మల భద్రతా ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లైసెన్సు తీసుకుని ఆ ఐఎస్‌ఐ మార్కు వేయాలి. టోపీ, సాక్సులు, స్వెట్టర్ బట్టల కిందికి పోతాయి కాబట్టి వాటికి ఈ గొడవ లేదు. ఉయ్యాలకు కట్టే గిలక మాత్రం బొమ్మే.

వసారాలో నలుగురు కూర్చుని అల్లుకునే చోట లైసెన్సు, ల్యాబు పరీక్షలు అంటే అయ్యే పనేనా? అందుకే 2020 డిసెంబరులో ఒక మినహాయింపు ఇచ్చారు. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసులో నమోదైన కళాకారులు తయారు చేసి అమ్మే వస్తువులకు ఈ ఉత్తర్వు వర్తించదు. ఆ నమోదుకు ఇచ్చేదే పెహచాన్ కార్డు.

"తయారు చేసి అమ్మే" అన్నారు, చూడండి. మన దగ్గర లేసు పని ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఏజెంటు దారం ఇస్తాడు, ఆడవాళ్లు ఇంట్లో అల్లి కూలి తీసుకుంటారు, సరుకు ఇంకొకరి లేబుల్‌తో బయటికి పోతుంది. అల్లిన అక్క దగ్గర కార్డు ఉన్నా, అమ్మేది ఆమె కాదు. ఆ కార్డు చూపించి వ్యాపారి తప్పించుకోవచ్చంటే నేను నమ్మను. మీ బొమ్మ మీరే అమ్ముకుంటుంటే మాత్రం బిల్లు, లేబుల్ రెండూ కార్డున్న మనిషి పేరు మీదే పెట్టుకోండి.

జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు కూడా మినహాయింపు ఉంది. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఆ దారిలోవే. మన లేసుకూ 2024లో జీఐ వచ్చింది కదా అంటారేమో! ఆ వెసులుబాటు జీఐ యజమానికి, అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే అనుమతితో) నమోదైన వాళ్లకే. మీ పేరు అందులో ఉందా, ఆ నమోదు బొమ్మలకూ వర్తిస్తుందా అని ముందు కనుక్కోండి.

సరే, మీకు మార్కు అక్కర్లేదనే అనుకుందాం. పసిపిల్ల గొంతులో బొమ్మ కన్ను ఇరుక్కుంటే ఏ కార్డూ మిమ్మల్ని కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నష్టపరిహారం అడగొచ్చు. అందుకే రెండు పరీక్షలు ఇంట్లోనే చేసి చూపిస్తాను. ఇవి ల్యాబుకు బదులు కాదండోయ్.

ఈ కుందేలుకు ప్లాస్టిక్ కళ్లు పెట్టాను. ఇది చేపలు తూచే స్ప్రింగ్ కాటా. కంటి వెనక గట్టి దారం బిగించి, ఆ దారాన్ని కాటా కొక్కేనికి తగిలించాను. ఇప్పుడు మెల్లగా లాగుతున్నా... ముల్లు 7 కిలోల దగ్గరికి వచ్చింది. పది సెకన్లు అలాగే ఉంచాలి. 6 మిల్లీమీటర్లు దాటిన భాగానికి ప్రమాణంలో ఉన్నది 70 న్యూటన్లు, అంటే సుమారు ఇంతే. అదిగో, కన్నుతో పాటు అల్లిక కూడా సాగి, సందులోంచి దూది కనిపిస్తోంది. కన్ను గట్టిదే, అల్లికే వదులు. సన్న సూదితో బిగువుగా అల్లితే ఈ సందు రాదు.

ఇలాంటి కన్ను ఊడి వస్తే? విడి కన్నొకటి ఈ అట్ట గొట్టంలో వేసి చూద్దాం. అడ్డం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంది, లోతు ఒకవైపు 25.4, రెండోవైపు 57.1. ముక్క నొక్కకుండానే పూర్తిగా లోపలికి దిగిందంటే మూడేళ్ల లోపు పిల్లలకు ఆ బొమ్మ పనికిరాదు. ఇది చక్కగా దిగిపోయింది. గిలకలో వేసే మువ్వ కూడా దిగుతుంది, అందుకే దాన్ని లోపల ఇంకో గుడ్డ సంచిలో కుట్టేయండి.

"మూడేళ్ల లోపు పిల్లలకు కాదు" అని చీటీ అంటిస్తే సరిపోదా? సరిపోదండి. హత్తుకుని పడుకునే మెత్తటి బొమ్మను పసివాళ్లదిగానే చూస్తారు. నేనైతే ప్లాస్టిక్ కళ్లు మానేసి నల్లదారంతోనే కుట్టేస్తాను. ముఖం కాస్త అమాయకంగా వస్తుంది, అయినా అమ్ముడుపోతుంది.

తాటాకు, చెక్క బొమ్మలకు రంగు వేసేవాళ్లు డబ్బా మీద సీసం సంగతి చూడండి. ఇళ్లకు వేసే రంగుల్లో పరిమితి 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90. ఎక్కడో మిగిలిపోయిన పాత డబ్బా మాత్రం వాడకండి.

అమెరికాలో ఉన్న అమ్మాయి అక్కడ అమ్మిపెడతానంటే లెక్క మారిపోతుంది. మన పెహచాన్ కార్డు అక్కడ చెల్లదు. 2008లో వచ్చిన వాళ్ల చట్టం పిల్లల వస్తువులకు ల్యాబు పరీక్ష తప్పనిసరి చేసింది. చేతిపనివాళ్లు గోలపెడితే 2011లో చిన్న తయారీదారులకు కొంత సడలించారు. అయినా రంగులో సీసం, చిన్న ముక్కల పరీక్షలు మాత్రం ల్యాబులోనే చేయించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో సరుకు పంపకముందే అమ్మాయితో మాట్లాడుకోండి.