మూడు, రెండు, ఏడు

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, ముందు వరుసలో కూర్చున్న దంతవైద్యులవారికి, మిత్రులందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ చదవమని నాకొక చీటీ ఇచ్చారు. చీటీలో పదకొండు పేర్లున్నాయి, నాకిచ్చింది పదిహేను నిమిషాలు. చీటీని జేబులో పెట్టుకుంటున్నాను, పెద్దలు మన్నించాలి.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యారేళ్లు లెక్కలు తనిఖీ చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. చిగుళ్ల జబ్బు గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. నాలుగు పళ్లు పోగొట్టుకున్నాను. వాటిలో ఒక్కటీ పుచ్చిపోలేదు. ఒక్కటీ నొప్పి పెట్టలేదు. ఈ రెండో మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ముందు వాష్‌బేసిన్ సంగతి. పళ్లు తోముకుని ఉమ్మితే నురగ తెల్లగా ఉండాలి. నాది లేత గులాబీ రంగులో ఉండేది. అప్పుడప్పుడు అందులో సన్నటి ఎర్రటి దారం లాంటిది కనిపించేది. నేను వెంటనే కుళాయి తిప్పేవాణ్ణి. నీళ్లతో పాటు అదీ పోయేది. ఇలా ఎన్నాళ్లంటారా? ఆరేడేళ్లు. ఊళ్లోవాళ్ల పద్దుల్లో ఒక్క అంకె తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని పట్టుకునేవాణ్ణి, నా నోట్లోంచి రోజూ రక్తం వస్తుంటే మాత్రం కుళాయి తిప్పేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ నా బ్రష్షు చూపించి ‘ఇదేమిటండీ?’ అని అడిగింది. ‘గట్టిగా తోమానులే’ అన్నాను. అన్న మాట నిలబెట్టుకోవడానికి మర్నాటి నుంచి రక్తం వచ్చే చోట బ్రష్షు పెట్టడమే మానేశాను.

అసలు తప్పు అక్కడ జరిగింది. ఆ రక్తం చాలావరకు బ్రష్షు వల్ల వచ్చేది కాదు, పాచి వల్ల వచ్చేది. పన్నూ చిగురూ కలిసే అంచున జిగురుగా పేరుకుంటుందే, ఆ పొర. 1683లో హాలండ్‌లో సూక్ష్మదర్శినులు తయారుచేసే లీవెన్‌హుక్ అనే ఆయన తన పళ్ల సందుల్లోంచి గీకిన తెల్లటి పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో ఈదులాడుతున్న జీవులను చూసి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషి, తన పళ్ల శుభ్రత మీద ఆయనకు కొంత గర్వం కూడా ఉండేది. అంతటివాడి నోట్లోనే అంత జనాభా ఉంటే నా సంగతి మీరే ఊహించుకోండి. 1965లో డెన్మార్క్‌లో ‘హెరాల్డ్ లో’ అనే పేరున్న పరిశోధకుడు చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశాడు. పదిరోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక ఇంచుమించు వారం పదిరోజుల్లో వాపు తగ్గిపోయింది. అంటే మొదటి దశలో ఈ జబ్బు పూర్తిగా వెనక్కి పోతుంది. రక్తం వస్తోందని బ్రష్షును పక్కన పెట్టడమంటే ఆ ప్రయోగాన్ని మన నోట్లో సొంత ఖర్చుతో చేసుకోవడమే. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్షును చిగురు అంచున కాస్త వాల్చి, ఆ చోటే నిదానంగా తోమాలి.

పాచిని అలాగే వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది. ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. నాలుక కొనను కింది ముందు పళ్ల వెనక్కి పోనిచ్చి, చిగురు దగ్గర ఆనించండి. నోరు తెరవనక్కర్లేదు, పక్కవాళ్లకు తెలియదు. గరుకుగా ఒక గట్టులాంటిది తగులుతోందా? గార అయ్యే అవకాశమే ఎక్కువ. లాలాజలం ఊరే గొట్టాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి ఆ చోట తొందరగా పడుతుంది. ఇక దాన్ని బ్రష్షు కదిలించలేదు, దంతవైద్యుడు క్లీనింగ్ చేసి తీయాల్సిందే. దయచేసి పిన్నీసుతో గీకకండి. గీకినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ‘క్లీనింగ్ జోలికి పోకు, పళ్లు వదులైపోతాయి’ అని నాకు హితవు చెప్పింది ఆయనే. తన చిగుళ్లలో చుక్క రక్తం రాదని గొప్పగా చెప్పుకునేవాడు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. పొగతాగేవాళ్లలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుందనీ, లోపల జబ్బు మాత్రం మరింత వేగంగా నడుస్తుందనీ నాకు తర్వాత తెలిసింది. ఆయనకు ఇప్పుడు పైవరుస మొత్తం కట్టుడు పళ్లే. కోపం ఆయన మీద కాదు, వాకబు చేయకుండా నమ్మిన నా మీద. క్లీనింగ్ చేయించుకున్నాక సందులు కనిపించే మాట నిజమే. అన్నాళ్లూ ఆ సందులను పూడ్చింది గార, వాపు. అవి పోతే ఉన్న సందు బయటపడుతుంది.

చివరికి ఒక దంతవైద్యుడి కుర్చీ ఎక్కాను. అదీ చిగుళ్ల కోసం కాదు, ముందు పళ్ల మధ్య కొత్తగా సందు వచ్చింది, ఫొటోలో బాగా లేదని. ఆయన గీతలు గుర్తులు పెట్టిన సన్నటి కడ్డీ ఒకటి తీసి పన్నుకూ చిగురుకూ మధ్య మెల్లగా దింపి చూస్తూ అంకెలు చదవసాగాడు. పంటికి ఆరు చోట్ల. పక్కన ఒకమ్మాయి రాసుకుంటోంది. ‘మూడు, రెండు, మూడు. రెండు, రెండు, మూడు.’ మా ఆఫీసులో ఒకరు పద్దు చదువుతుంటే ఇంకొకరు టిక్కులు పెట్టేవాళ్లం, అచ్చం అలాగే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ‘మూడు, రెండు, ఏడు’ అన్నాడు. కలం ఆగింది. ‘ఏడా, సార్?’ అంది ఆ అమ్మాయి. ‘ఏడే’ అన్నాడాయన, గొంతు మారకుండా. ఆ తర్వాత ‘ఆరు, అయిదు, ఏడు.’

చేయెత్తి ఆపించి, ఏడంటే ఏమిటని అడిగాను. మిల్లీమీటర్లట. మూడు వరకు మామూలు. నాలుగు, అంతకు మించితే చిగురు పన్ను నుంచి విడివడి సంచిలా తయారైనట్టు. ఎక్స్‌రే చూపించాడు. పన్ను మెడ దాకా ఉండాల్సిన ఎముక సగం వేరు దాకా దిగిపోయింది. ‘మరి నొప్పి రాలేదే!’ అన్నాను. ‘ఈ జబ్బు చాలావరకు నొప్పి లేకుండానే నడుస్తుంది’ అన్నాడు. చూశారా, మళ్లీ దాని దగ్గరికే వచ్చాను. తెలుగులో చిగురంటే లేత ఆకు కూడా. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. మత్తు ఇచ్చి, చిగురు లోపలి దాకా శుభ్రం చేసి, మూడు నెలలకు మళ్లీ కొలిచి, మిగిలినవాటిని నిలబెట్టారు. నాలుగు మాత్రం నిలబడలేదు. ఆ పరీక్షల్లోనే నాకు షుగరు ఉందనీ బయటపడింది. షుగరు చిగుళ్లను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్లు షుగరును అదుపు తప్పిస్తాయి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సరే, గబగబా చెబుతాను. శ్రద్ధగా తోముతున్నా రెండు వారాల తర్వాత కూడా రక్తం వస్తుంటే వెళ్లండి. చిగురు ఎర్రగా ఉబ్బినా, దిగిపోయి పన్ను పొడుగ్గా కనిపించినా, నొక్కితే చీము వచ్చినా, వాసన పోకపోయినా వెళ్లండి. పన్ను కదిలితే, కొరికేటప్పుడు పళ్లు ఇదివరకటిలా కూర్చోకపోతే ఆ వారంలోనే వెళ్లండి. ముఖం వాచి జ్వరం వస్తే, నోరు తెరవలేకపోతే, మింగడానికో ఊపిరికో ఇబ్బంది అయితే అపాయింట్‌మెంటు కోసం చూడవద్దు, వెంటనే ఆసుపత్రికి. చిగుళ్ల రక్తంతో పాటు ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు వస్తే రక్తపరీక్ష కూడా కావాలి. ఫిట్స్‌కూ రక్తపోటుకూ వాడే కొన్ని మందుల వల్ల చిగుళ్లు పెరుగుతాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఏ మందూ మీ అంతట మీరు మానకండి.

డాక్టరుగారు ఆ కడ్డీని ఇవాళ వెంట తెచ్చారు. పక్క గదిలో కూర్చుంటారు. మూడో వరుసలో ఇద్దరి నాలుకలు ఇంకా ఆ గట్టు దగ్గరే తిరుగుతున్నట్టున్నాయి, ముందు వాళ్లను పంపండి. అంకెలు రాయడానికి మనిషి కావాలన్నారు. నేను వస్తున్నాను.