“మళ్ళీ అదేనా?” అనిపించుకోని వంట

శ్రోతలందరికీ నమస్కారం.

ఆదివారం ఓపిగ్గా రెండు మూడు గిన్నెల నిండా వండేసి ఫ్రిజ్‌లో సర్దేసి, హమ్మయ్య ఈ వారం గడిచిపోతుందిలే అనుకుంటాం కదా, సోమవారం బాగానే తింటారు, మంగళవారం సర్దుకుంటారు, బుధవారం డబ్బా మూత తీయగానే ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు, “మళ్ళీ అదేనా?” అని. ఇవాళ ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను. పొదుపు, పోషకాలు అవన్నీ మీకు తెలిసినవే, ఉన్న టైమ్‌లో వాటి జోలికి వెళ్ళను.

నాకు అర్థమైనంతలో విసుగు పుట్టించేది రుచి, పదార్థం కాదు. అన్నం, బ్రెడ్, గుడ్డు ఎన్ని రోజులు వరసగా పెట్టినా ఎవరూ నోరెత్తరు, అదే మసాలా అదే పులుపు మూడో రోజు కూడా తగిలితే మాత్రం నాలుక ఇట్టే పట్టేస్తుంది. అందుకే నేను చెప్పేది ఒకటే, ఆదివారం కూర వండకండి. సగం వండండి. ఉడికించి, ఉప్పేసి, అక్కడితో ఆపేయండి. ఉల్లిపాయ, కారం, పులుపు, మసాలా, ఇవన్నీ ఏ రోజువి ఆ రోజు సాయంత్రం వెయ్యాలి.

ఒక్క ఉదాహరణ చెప్తాను, నాకు బాగా ఇష్టమైంది, కాబూలీ శనగలు.

అరకిలో శనగలు ముందురోజు రాత్రి బోలెడు నీళ్ళలో, కాస్త ఉప్పు కూడా వేసి నానబెట్టండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది భయపడతారు గానీ అది నిజం కాదు, నానే నీళ్ళలో ఉప్పుంటే తొక్క ఇంకా మెత్తబడుతుంది. ఉడకనివ్వనిది పులుపు. టమాటా గానీ నిమ్మరసం గానీ ముందే పడితే గింజ గట్టిగానే ఉండిపోతుంది, ఎంతసేపు మరిగించినా విసిగిస్తుంది. చూశారా, సగం వండి ఆపమని చెప్పడానికి ఇదో కారణం, ఉత్త నీళ్ళలో ఉడికిన శనగ మెత్తగా ఉడుకుతుంది, ఆ తర్వాత దాన్ని ఎంత పుల్లటి దాంట్లో వేసినా ఫర్వాలేదు. కుక్కర్‌లో అయితే త్వరగా అయిపోతుంది, మామూలు గిన్నెలో అయితే గంట, ఒక్కోసారి గంటన్నర, శనగలు పాతవైతే ఇంకా ఎక్కువే. వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలగాలి, అప్పుడు దించండి. అరకిలో ఎండు శనగలు ఉడికాక కిలో పైనే తూగుతాయి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, వాటి సంగతి గురువారం చెప్తాను.

సోమవారం, స్టవ్ దగ్గరికి వెళ్ళే ఓపిక కూడా లేదనుకోండి. చల్లటి శనగల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కీరా, కొత్తిమీర, నిమ్మరసం, ఓ చెంచా మంచి నూనె, అంతే. పది నిమిషాలు అలా వదిలేస్తే పులుపు లోపలికి పడుతుంది.

మంగళవారం వేడిగా ఏదైనా కావాలంటారు. ఉల్లిపాయ ఎర్రగా వేయించి, తొందరపడకుండా ఎర్రగా, టమాటాలు వేసి నూనె తేలేదాకా మగ్గనిచ్చి, అప్పుడు శనగలు వెయ్యండి. ఇక్కడో చిన్న పని, ఒక గుప్పెడు శనగల్ని గరిటె వెనకవైపుతో గిన్నె అంచుకి నొక్కి మెదపండి, గ్రేవీ దానంతటదే చిక్కబడుతుంది, వేరే పిండి ఏమీ అక్కర్లేదు.

బుధవారం, ఆ “మళ్ళీ అదేనా” రోజు, శనగ అసలు శనగలా కనపడకూడదు. నీళ్ళు బాగా వార్చేసి ఫోర్క్‌తో పలుకు పలుకుగా మెదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, గట్టిగా నిలవడానికి కాస్త బ్రెడ్ పొడి కలిపి చిన్న చిన్న బిళ్ళలు చేసి పెనం మీద రెండువైపులా కాల్చండి. మిక్సీలో వెయ్యొద్దు, పేస్ట్ అయితే పెనానికి అతుక్కుపోతుంది. రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి, పచ్చి క్యాబేజీ తురుము, పెరుగు వేసిస్తే ఇది ఆదివారం నాటి సరుకని ఎవరూ కనిపెట్టలేరు. మా ఇంట్లో అయితే పెనం మీంచి ప్లేట్‌లోకి చేరేలోపే సగం మాయమవుతాయి, ఆ లెక్క కూడా చూసుకుని చెయ్యండి.

గురువారం సూప్. ఉడికించిన నీళ్ళు దాచమన్నాను కదా, గింజల్లోంచి దిగిన పిండిపదార్థం, ప్రొటీన్ వాటిలో ఉంటాయి కాబట్టి సూప్‌కి చిక్కదనం ఊరికే వచ్చేస్తుంది. కొంచెం నూనెలో వెల్లుల్లి వేయించి, వారమంతా మూలపడి వాడిపోతున్న క్యారెట్, పాలకూర, ఏవుంటే అవి వేసి, శనగలు, ఆ నీళ్ళు పోసి మరిగించి, సగం రుబ్బి సగం అలా వదిలేసి, దించాక మిరియాల పొడి, నిమ్మరసం. ఒకే కుండలో ఉడికిన గింజలు, నాలుగు రోజులు, ఒకదానికొకటి పోలికే లేదు.

అయితే గురువారానికని అవి ఫ్రిజ్‌లోనే ఉంచకండి. వండినది ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులు, అదీ ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే. గురువారం వాటా శనగల్ని, నీళ్ళని ఆదివారం చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టేయండి, బుధవారం గుర్తొచ్చి పెడితే లాభం లేదు. సూప్‌లోకి గడ్డ గడ్డగానే వేసేయొచ్చు, కరగబెట్టక్కర్లేదు. గింజలు ఫ్రీజర్‌ని బాగా తట్టుకుంటాయి. ఉడికించిన బంగాళదుంప ముక్కలు తట్టుకోవు, బయటికి తీశాక నీరు కారి పొడిపొడిగా అయిపోతాయి, వాటిని ముందే తినేయడం మేలు.

ఇక అన్నం. దీనికి రెండు నిమిషాలు ఇవ్వాల్సిందే, ఎందుకంటే మిగిలిన వాటన్నిటికన్నా దీంట్లోనే జనం అజాగ్రత్తగా ఉంటారు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి ఉడికించినా చావవు. వండిన అన్నం గంటలతరబడి బయటే ఉంటే అవి మేలుకుని పెరిగి విషం తయారు చేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వేడిచేస్తే సరిపోతుందిలే అనేది ఇక్కడ పనిచెయ్యదు, మళ్ళీ చెప్తున్నా, పనిచెయ్యదు. ఎక్కువ వండిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి త్వరగా ఆరబెట్టి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి, ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. లోతు గిన్నెలో కుక్కి పెడితే మధ్యలో వేడి చాలాసేపు అలాగే ఉంటుంది.

జాగ్రత్తగా చల్లబెట్టిన అన్నానికి ఇంకో లాభం ఉంది, చలికి అందులోని పిండిపదార్థం బిగుసుకుని మెతుకు మెతుకు విడిపోతుంది. వేడి అన్నంతో వేపితే ముద్దయ్యే ఫ్రైడ్ రైస్ చల్లటి అన్నంతో అయితే చక్కగా వస్తుంది. పెనం బాగా కాగనిచ్చి కొంచెం కొంచెంగా వెయ్యండి, పొగలు కక్కేదాకా వేపండి.

ఇంతా చెప్పాక కూడా ఏదో ఒక పూట పూర్తయిన కూరే మిగులుతుంది, అది మనందరి ఇళ్ళలో జరిగేదే. రాత్రంతా ఉన్న కూరలో పులుపు మొద్దుబారుతుంది, ముక్కలు మెత్తబడతాయి, రసం పీల్చుకుని గట్టిపడుతుంది. దానికి కారం, మసాలా ఇంకా ఇంకా వేసుకుంటూ పోవడం నాకు నచ్చదు, అది నిన్నటి రుచినే గట్టిగా అరిచినట్టు ఉంటుంది. బదులుగా కాస్త వేడినీళ్ళు పోసి పలచన చేసి, ఒక పుల్లనిది, ఒక పచ్చిది, ఒక కరకరలాడేది చేర్చండి. నిమ్మరసం, పచ్చి ఉల్లిపాయ, వేయించిన పల్లీలు, ఏవైనా సరే. ఒక పుల్లనిది, ఒక పచ్చిది, ఒక కరకరలాడేది, రాసుకోకపోయినా గుర్తుంటుంది. ఎంత తింటారో అంతే తీసి వేడిచేయండి, డబ్బా మొత్తం రోజూ వేడిచేసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడం వద్దు.

డబ్బాల మీద తేదీ రాసి అంటించండి, ఎవరి జ్ఞాపకశక్తీ ఫ్రీజర్ ముందు నిలబడదు.

వచ్చే శనివారం రాత్రి శనగలు నానబెట్టాలనిపిస్తే మాత్రం గిన్నె కాస్త పెద్దదే తీసుకోండి, పొద్దున్నకి రెట్టింపు ఉబ్బుతాయి. ఉంటానండి, నమస్కారం.