కాకినీ రాయండి: పక్షుల లిస్టు, పెళ్లి చదివింపుల పుస్తకం

(బెంగళూరు, సర్జాపుర రోడ్డు, కైకొండ్రహళ్లి చెరువు గట్టు. ఉదయం ఆరున్నర. వెనక నీళ్ల మీద గూడబాతులు.)

నమస్కారం అండీ. చెరువు దగ్గర కలిసినవాళ్లు నన్ను రోజూ ఒకటే అడుగుతారు: "ఇవాళ ఏమైనా కనిపించిందా?" ముప్పై రకాలు కనిపించాయండీ అంటే, "అది కాదు, స్పెషల్‌గా ఏదైనా?" అంటారు. మొన్న ఒకాయన నాతోపాటే గంటన్నర నడిచారు. ఫోన్‌లో ఒకే ఒక్క పక్షి పేరు ఎక్కించి ఇంటికి బయల్దేరారు. నెత్తి మీద గద్దలు తిరుగుతున్నాయి, నీళ్లలో నామాల కోళ్లు ఈదుతున్నాయి, చెత్తకుప్ప మీద కాకులు కొట్టుకుంటున్నాయి. అవేవీ రాయలేదు. "రోజూ ఉండేవేగా!" అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నా ప్రాణం చివుక్కుమంటుంది. అందుకే ఈ వీడియో.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం గుర్తు చేసుకోండి. పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుంటారు. ఒకరు డబ్బు లెక్కపెడతారు, ఇంకొకరు పొడుగాటి నోటుబుక్కులో రాస్తారు. పేరు, ఊరు, ఎంత. ఉంగరం పెట్టిన మేనమామ పేరూ అందులోనే ఉంటుంది, నూట పదహార్లు చదివించిన పక్కింటాయన పేరూ అందులోనే ఉంటుంది. "పక్కింటాయన రోజూ కనిపించేవాడేగా, ఎందుకు రాయడం?" అని వదిలేస్తే ఇంటివాళ్లు ఊరుకుంటారా? కొన్నేళ్ల తర్వాత ఇంట్లో ఇంకో శుభకార్యం వస్తుంది. అప్పుడు పాత పుస్తకం తీస్తారు. అప్పుడొచ్చి ఇప్పుడు రానివాళ్లెవరో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. అందరినీ రాసిన పుస్తకం కాబట్టే, లేని పేరు కూడా ఒక సంగతి చెబుతుంది.

చూసిన పక్షుల పేర్లు ఫోన్‌లో రాసుకోవడానికి ఈబర్డ్ అని ఒక యాప్ ఉంది. అందులో లిస్టు ముగించేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది, చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నింటినీ రాశారా, లేదా? అని. "అవును" అంటే అది పూర్తి లిస్టు. అంటే మీ పుస్తకంలో పిచ్చుక పేరు లేకపోతే, ఆ గంటలో ఆ చెరువు దగ్గర మీకు పిచ్చుక కనపడలేదు, వినపడలేదు అని అర్థం. అదే మీరు ఉంగరాల వాళ్లని మాత్రమే రాశారనుకోండి, పిచ్చుక రాలేదా, వచ్చినా మీరు రాయలేదా? ఎవరికీ తెలియదు.

ఇది చిన్న విషయం కాదండీ. పాలపిట్టనే తీసుకోండి. దసరా రోజు చూడాలని మనవాళ్లు ఊరి బయటికి వెళ్లే పిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి అదే, ఈ కర్ణాటక రాష్ట్ర పక్షీ అదే. మన దేశంలో పక్షుల పరిస్థితి ఎలా ఉందో చెప్పే 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' రిపోర్టు 2023లో వచ్చింది. అది పాలపిట్ట గురించి, పన్నెండేళ్లలో అది దాదాపు 30 శాతం తగ్గిందని చెప్పింది. ఎలా తెలిసింది? 30 వేల మందికి పైగా మనలాంటివాళ్లు రాసిన లిస్టులు ముందేసుకుని, వంద లిస్టుల్లో ఎన్నింటిలో పాలపిట్ట ఉంది, అప్పుడెంత, ఇప్పుడెంత అని చూశారు. వంద పెళ్లిళ్ల పుస్తకాలు తిరగేసి, ఫలానా బాబాయి పేరు ఎన్నింట్లో ఉందో చూసినట్టు. అలాగే పిచ్చుక. దేశం మొత్తం మీద నిలకడగానే ఉంది, బెంగళూరు లాంటి మహానగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చిందని అంతకుముందు 2020లో వచ్చిన ఇదే రిపోర్టు తేల్చింది. పిచ్చుకని పిచ్చుకే కదా అనుకోకుండా రాసినవాళ్ల పుణ్యం అది. వాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

ఒక్క నిమిషం, కెమెరా ఇటు తిప్పుతాను.

(నీటి అంచు, దగ్గరగా.)

ఆ రాయి పక్కన చూడండి. బురద రంగు వీపు, మెడ మీద గీతలు, ముడుచుకుని కూర్చుంది. గుడ్డికొంగ. అడుగు దూరంలో ఉన్నా రాయనుకుని దాటిపోతాం. మెడ కొంచెం కొంచెం ముందుకి సాగుతోంది... ఆగింది... ఇదిగో, లేచింది! చూశారా, రెక్కలు విప్పగానే పాలలాంటి తెలుపు. ఇంతసేపూ ఆ తెలుపు ఎక్కడ దాచిందండీ! ఇదీ మన నూట పదహార్ల చుట్టమే. దీన్ని రాయకుండా ఎలా వెళ్తాం?

ఎండ ఎక్కుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గుంపు పెద్దదైతే ఒక పదింటిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్నున్నాయో అంచనా వేసి రాయండి. కంటికి కనపడకపోయినా కూతతో పోల్చుకోగలిగితే కోయిలని రాయొచ్చు. ఇంటిపేరు తెలిసి అసలు పేరు తెలియకపోతే, ఊహించి రాయకండి. ఏదో ఒక తెల్లకొంగ అని రాసే వీలు యాప్‌లోనే ఉంది. ఇక్కడి చెరువునీ, పక్కనున్న కసవనహళ్లి చెరువునీ ఒకే లిస్టులో కలపకండి. ఇది వేరే పెళ్లి, అది వేరే పెళ్లి.

గూళ్ల సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. ఒకసారి మా వాట్సాప్ గ్రూపులో ఒకరు, చిన్న గుడ్లగూబల జంట గూడు పెట్టిన చెట్టు తొర్రని లొకేషన్‌తో సహా పంచుకున్నారు. మంచి మనసుతోనే. ఆదివారం వెళ్లేసరికి చెట్టు కింద పది పన్నెండు కెమెరాలు. ఎవరో తొర్రలోకి టార్చి వేస్తున్నారు. ఎదుటి కొమ్మ మీద తల్లి, నోట్లో మేత పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. మేమున్నంతసేపూ గూటికి రాలేదు. నేనూ ఆ గుంపులో నిలబడ్డాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. చదివింపులు మైకులో చదువుతాం గానీ, ఉంగరం ఏ బీరువాలో పెట్టామో చదవం కదా? గూడు కనిపిస్తే గ్రూపులో పెట్టకండి. ఫొటో పంచుకోవాలనిపిస్తే పిల్లలు ఎగిరిపోయాక, చోటు చెప్పకుండా పంచుకోండి.

బ్యాటరీ ఎర్ర గీత చూపిస్తోంది. టైము ఏడు గంటలు. ఇక్కడే పదిహేను నిమిషాలు నిలబడి లిస్టు మొదలుపెడుతున్నాను, మీరూ ఎక్కడున్నా ఫోన్ తీయండి. కాకులు నాలుగు. గోరింకలు రెండు... కాదు, మూడు, ఇంకోటి తీగ మీద ఉంది. గద్దలు...